నల్ల తీగలో ఏమున్నది?
పరదేశపు ఇండ్లలో కరెంటు పనులకు చెప్పు సలహాలపై విమర్శ

థాయిలాండులో ఇల్లు ఏర్పరచుకొని నివసించు పాశ్చాత్యులలో ఉద్యోగ విరమణ తరువాత వచ్చినవారు పెక్కుమంది. చియాంగ్ మాయ్‌లోనో, పట్టాయాలోనో, భార్య పుట్టిన ఈశాన్యపు పల్లెలోనో వారు స్థిరపడుదురు. చేతినిండ తీరిక, స్వదేశములో చిన్న చిన్న మరమ్మతులు స్వయముగా చేసికొన్న అలవాటు, పెట్టెలో నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటరు. కొత్త ఇంటిలో ఫ్రిజ్జి ముట్టుకొన్నచో వ్రేలు జివ్వుమన్నది. సాకెట్టుకు రెండే రంధ్రములు ఉన్నవి. గోడలో నుండి వచ్చిన తీగ రంగు ఎన్నడును చూడనిది. అప్పుడు ఆ వచ్చినవాడు తనకంటె పది సంవత్సరములు ముందు వచ్చిన స్వదేశీయుని సలహా అడుగును. ఆయన చెప్పును. ఇట్లు నోటి మాటగాను, వ్రాతగాను వ్యాపించిన సలహాలు నేడు ఒక చిన్న వాఙ్మయమైనవి.

దీనిని విమర్శించుట ఎందుకనగా, ఇందులో తప్పు దొరలినచో చదివినవానికి మార్కులు పోవు, ప్రాణము పోవును. పైగా దీనిని పరీక్షించుటకు పెద్ద చదువు అక్కరలేదు. హైస్కూలులో చెప్పు ఓం సూత్రము, జౌల్ సూత్రము, ఒక బిందువు వద్దకు వచ్చిన ప్రవాహమంతయు దాని నుండి బయటికి పోవలెనను కిర్కాఫ్ నియమము, ఈ మూటితోనే ఏ సలహా నిలుచునో, ఏది నిలువదో తేల్చవచ్చును.

మెచ్చుకొనదగినవి కొన్ని కలవు. మెయిన్ ఆపి, ఆగినదని పరీక్షించిన తరువాతనే తీగ ముట్టవలెనని అందరును చెప్పుదురు. పాత ఇంటిలో ఎర్తు ఉన్నదని నమ్మవద్దని చెప్పుదురు. లీకేజీ బ్రేకరు లేకుండ స్నానాల గదిలో గీజరు పెట్టవద్దని చెప్పుదురు. ఇవి బంగారము వంటి మాటలు. కాని ఈ మంచి మాటల వెంబడి స్థానిక ఎలక్ట్రీషియనును ఎగతాళి చేయుట కూడ ఒక ఆచారమైనది. ఎర్తు తీగ లేకుండ రెండు తీగలతో పని ముగించు అలవాటు ఆ దేశమున ఉండిన మాట నిజమే. అయితే ఆ అలవాటుకు ఒక కారణము కలదు. పూర్వపు థాయి ఇల్లు స్తంభములపై నేలకు ఎత్తుగా కట్టిన కొయ్య ఇల్లు. ఎండిన చెక్క నేలపై నిలిచినవాని కాళ్ల క్రింద నుండి భూమిలోనికి ప్రవాహము పోవుట కష్టము. రెండు దీపములు, ఒక ఫ్యాను ఉన్న ఇంటికి రెండు తీగలు చాలినవి. ఇల్లు కాంక్రీటుదై, నేలకు టైల్సు పరచి, షవరు పక్కన విద్యుత్తుతో నీరు కాచు పెట్టె వచ్చిన తరువాత పాత అలవాటు ప్రాణాంతకమైనది. పరిసరములు మారినను అలవాటు మారకపోవుట ఇచ్చటి దోషము. ఇదే దోషము సలహా చెప్పువారిలోను ఉన్నది. థాయి పనివాడు తన తాతనాటి ఇంటి అలవాటును కొత్త ఇంటిలోనికి తెచ్చెను. పాశ్చాత్యుడు తన దేశపు అలవాటును పరదేశమునకు తెచ్చెను. మరియొక విచిత్రము: ఆస్ట్రేలియాలో లైసెన్సు లేనివాడు తన ఇంటి గోడలోని తీగలపై పని చేయుట చట్టవిరుద్ధము. అచ్చట చేయి పెట్టనియ్యని పనిని ఇచ్చట చేయగలనను ధైర్యము అట్టివానికి ఎచ్చట నుండి వచ్చునో ఆలోచింపదగినదే.

రంగుల విషయము చూడుడు. “ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్” అని వృద్ధుడైన ఆంగ్లేయుడు చెప్పును. ఆయన యౌవనములో ఆయన దేశమున అది నిజము. మన ఇండ్లలోను నల్లది న్యూట్రలే. “కరెంటు ఉండునది నల్ల తీగలో, తెల్లది న్యూట్రల్” అని అమెరికా దేశస్థుడు చెప్పును. అదియు ఆ దేశమున నిజమే. జర్మనీలో 1965కు ముందు తీగలు వేసిన ఇండ్లలో ఎర్ర తీగను ఎర్తుకు వాడిరి. అనగా ఒకనికి ప్రాణము తీయు తీగ మరియొకనికి ప్రాణము కాపాడు తీగ. ఇక థాయిలాండులో పాత ప్రమాణము ప్రకారము నల్లది ఫేజు, లేత బూడిద రంగుది న్యూట్రల్. బౌద్ధశకము 2553లో, అనగా క్రీ.శ. 2010లో వచ్చిన కొత్త ప్రమాణము ఫేజుకు గోధుమ రంగును, న్యూట్రల్‌కు నీలి రంగును నిర్ణయించినది. బ్రిటను ఇట్టి మార్పునే 2004లో మొదలుపెట్టినది. 2000లో కట్టి 2015లో రెండు గదులు పెంచిన ఇంటిలో రెండు రంగుల పద్ధతులును ఒకే పెట్టెలో కలిసికొనును. కాబట్టి దేశమును, సంవత్సరమును చెప్పక రంగును మాత్రము చెప్పు సలహా ఎంత అనుభవజ్ఞుడు ఇచ్చినను పనికిరాదు. రంగు అనునది తీగ బిగించినవాని ఉద్దేశమును తెలుపునే గాని తీగలోని విద్యుత్తును తెలుపదు.

ప్లగ్గుల విషయములో సలహాలు మరింత తేలికగా ఉండును. థాయి సాకెట్టు ఉదార స్వభావము కలది. అమెరికా బల్లపరుపు పుల్లలను, ఐరోపా గుండ్రని పుల్లలను రెండింటిని తనలోనికి రానిచ్చును. “అన్ని ప్లగ్గులు పట్టును, అడాప్టరు అక్కరలేదు” అని కొత్తవారికి సంతోషముగా చెప్పుదురు. ప్లగ్గు పట్టినంత మాత్రమున పని సరిపడినట్లు కాదు. అమెరికా నుండి తెచ్చిన 120 వోల్టుల ఇస్త్రీపెట్టె 220 వోల్టుల సాకెట్టులో చక్కగా కూర్చొనును. దాని నిరోధము మారదు గనుక ఉష్ణము వోల్టేజి వర్గమును బట్టి పెరుగును: 220ని 120తో భాగించి వర్గము చేసినచో సుమారు 3.4. వేయి వాట్ల పెట్టె 3,400 వాట్ల పెట్టె అగును, అదియు కాలిపోవునంత సేపే.

ఇది కంటికి కనబడు ప్రమాదము. కనబడనిది జర్మను ప్లగ్గుతో వచ్చును. ఆ ప్లగ్గుకు ఎర్తు కొరకు పుల్ల ఉండదు. ప్రక్కన రెండు లోహపు పట్టీలు ఉండును. వాటిని తాకు క్లిప్పులు జర్మను సాకెట్టు గుంటలో అంచుల వద్ద ఉండును. థాయి సాకెట్టు ముఖము చదునుగా ఉండును. అట్టి క్లిప్పులు లేవు. ప్లగ్గు లోనికి పోవును, యంత్రము తిరుగును, ఎర్తు మాత్రము ఎచ్చటను తగలదు. వస్తువు పని చేయుచున్నది గనుక ఇంటివాడు అంతయు బాగున్నదనుకొనును. థాయి ప్రభుత్వము 2006లో మూడు గుండ్రని పుల్లలు గల ప్లగ్గును ప్రమాణముగా ప్రకటించినది. కాని పాత సాకెట్లు గోడలలోనే ఉన్నవి. మన త్రీ పిన్ ప్లగ్గులో ఎర్తు పుల్ల మిగిలిన రెండింటి కంటె పొడవుగాను, లావుగాను ఉండుటను విద్యార్థులు గమనించియుందురు. అన్నింటి కంటె ముందు తగులుటకు, అన్నింటి కంటె చివర విడిపోవుటకు ఆ పొడవు. పొరపాటున ఫేజు రంధ్రములో దూరకుండుటకు ఆ లావు. దానిని కోసి రెండు పుల్లలతో వాడు అలవాటు మన వంటి ఇండ్లలో లేదనుటకు వీలు లేదు.

ఇక అసలు విషయము. ఈ వాఙ్మయములో అతి ప్రమాదకరమైన సలహా ఒకటి కలదు. “సాకెట్టులో ఎర్తు లేదా? ఎర్తు బిందువును న్యూట్రల్‌తో చిన్న తీగముక్కతో కలుపుము. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఎట్లయినను ఆ రెండును కలిసియే ఉండును గదా!” ఇందులో రెండవ వాక్యము సగము నిజము. ఆ సగము నిజమే మొదటి వాక్యమునకు బలమిచ్చుచున్నది.

ఎర్తు తీగ చేయు పని ఏమి? గీజరు లోపల ఫేజు తీగ ఊడి లోహపు కవచమునకు తగిలినదనుకొందము. ప్రవాహము ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చినది. అది తిరిగి ట్రాన్స్‌ఫార్మరునకే చేరవలెను. భూమిలోనికి పోయి మాయమగుట అనునది లేదు. అది ఏ దారిన తిరిగి పోవుచున్నదను ప్రశ్నకు జవాబు చెప్పని సలహాను నమ్మరాదు. ఇంటివాడు పెరటిలో ఒక కడ్డీ పాతి ఎర్తు తీగను దానికి మాత్రమే కట్టెననుకొందము. కడ్డీకి మట్టికి నడుమ నిరోధము 50 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు నిరోధము 5 ఓములు అనుకొన్నచో, 230 వోల్టులను 55తో భాగింపగా ప్రవాహము 4.2 ఆంపియర్లు. గీజరునకు పెట్టిన బ్రేకరు 20 ఆంపియర్లది. నాలుగు ఆంపియర్లను అది లెక్కచేయదు. ఆ స్థితిలో కవచముపై వోల్టేజి 4.2ను 50తో గుణింపగా సుమారు 210. అనగా కడ్డీ పాతి, తీగ కట్టి, పని సక్రమముగా చేసినట్లు కనబడినను షవరు క్రింద నిలిచినవాని చేతికి అందు లోహముపై 210 వోల్టులు అట్లే నిలిచియుండును. “లోతుగా కడ్డీ పాతినచో చాలును” అను సలహా ఎంత అసంపూర్ణమో ఈ ఒక్క లెక్క చెప్పుచున్నది.

ఎర్తును న్యూట్రల్‌తో మెయిన్ పెట్టె వద్ద కలిపిన పద్ధతిలో ప్రవాహము తిరిగి పోవుటకు రాగి దారి దొరకును. ఆ చుట్టు నిరోధము మొత్తము అర ఓము అనుకొన్నచో 460 ఆంపియర్లు ప్రవహించును. బ్రేకరు రెప్పపాటులో పడిపోవును. ఇదే ఆ పద్ధతి గొప్పతనము. ఆస్ట్రేలియాలో ఇది దేశమంతట అమలులో ఉన్నది. థాయిలాండు ప్రమాణములు కూడ కొత్త ఇండ్లకు దీనినే చెప్పుచున్నవి. కాని ఈ పద్ధతి నిలుచుటకు ఒక ముఖ్యమైన షరతు కలదు. న్యూట్రల్ తీగ ఎన్నడును తెగరాదు. తెగినను అపాయము తక్కువగా ఉండుటకు సరఫరా చేయువారు దానిని దారి పొడవునను పలుచోట్ల భూమికి కట్టియుండవలెను. ఆస్ట్రేలియా దేశస్థుడు దీనిని చెప్పడు. దాచుటకు కాదు, తన దేశములో ఆ పని వేరొకరు చేయుచుండుట వలన అది ఆయనకు తెలియదు.

షరతు లేనిచోట ఏమగును? వర్షాకాలపు గాలికి కొమ్మ విరిగిపడి వీధిలో న్యూట్రల్ తెగినదనుకొందము. ఇంటిలో 2,000 వాట్ల కెటిల్ పెట్టియున్నారు. దాని నిరోధము సుమారు 26 ఓములు. ప్రవాహము కెటిల్ గుండ వచ్చి, న్యూట్రల్‌లో దారి లేక, మెయిన్ పెట్టెలోని కలయిక గుండ ఎర్తు తీగలోనికి దిగి, పెరటి కడ్డీ ద్వారా భూమిలోనికి పోవును. 230 వోల్టులు 26, 50, 5 ఓముల నడుమ పంచుకొనబడును. కడ్డీ వంతు సుమారు 140 వోల్టులు. అనగా ఇంటిలో ఎర్తు కట్టిన ప్రతి వస్తువు, ఫ్రిజ్జి, బట్టలుతుకు యంత్రము, గీజరు, ఒక్కసారిగా 140 వోల్టులకు ఎక్కును. ఏ వస్తువులోను దోషము లేదు. లీకేజీ బ్రేకరు కూడ పడదు. ఏలయనగా అది కలయికకు ఇవతల ఉన్నది, దాని గుండ పోయినది ఎంతయో వచ్చినదియు అంతే. ఈ స్థితి అరుదైనదే. కాని సలహా చెప్పునప్పుడు ఇది కూడ చెప్పి తీరవలెను. బ్యాంకాక్, నొంతబురి, సముత్ ప్రకాన్ ప్రాంతములకు మెట్రోపాలిటన్ విద్యుత్ సంస్థ, మిగిలిన దేశమునకు ప్రొవిన్షియల్ విద్యుత్ సంస్థ సరఫరా చేయుచున్నవి. ఆ వీధి న్యూట్రల్‌ను ఏ పద్ధతిలో ఉంచిరో ఆ సంస్థ కార్యాలయమే చెప్పగలదు. పది సంవత్సరములు ముందు వచ్చిన పొరుగువాడు చెప్పలేడు.

ఇక సాకెట్టు వద్దనే కలుపు తీగముక్క సంగతి. మెయిన్ పెట్టె వద్ద కలుపుటకును, సాకెట్టు వద్ద కలుపుటకును గల భేదము నేలపై నడచుటకును తాడుపై నడచుటకును గల భేదము. సాకెట్టు నుండి పెట్టె వరకు ఉన్న న్యూట్రల్‌లో ఒక్క స్క్రూ వదులైనచో చాలును. యంత్రము గుండ వచ్చిన ఫేజు తిరిగి పోవు దారి లేక, ఆ తీగముక్క ద్వారా దాని కవచము మీదికే ఎక్కును. తీగలు బిగించినవాడు ఫేజును, న్యూట్రల్‌ను తారుమారు చేసియున్నచో ఇంకను ఘోరము: స్విచ్చి వేసినను వేయకున్నను కవచము నేరుగా ఫేజునకు కట్టబడియుండును. రెండు తీగల ఇండ్లలో ఇట్టి తారుమారు సర్వసాధారణము; దీపమునకు, ఫ్యానుకు ఎటు కట్టినను ఒకటే గదా. ఎర్తు లేని సాకెట్టు ప్రమాదకరమే. కాని దానికి రెండు రంధ్రములే ఉండుట వలన తన లోపమును తానే చెప్పుకొనును. ఈ తీగముక్క గల సాకెట్టు మూడు రంధ్రములతో అబద్ధమాడును.

ఈ చిక్కులన్నింటి నడుమ ఒక్క పరికరము మాత్రము సలహాదారులు చేయు పొగడ్తకు చాల వరకు తగినది: లీకేజీ బ్రేకరు. ఫేజు, న్యూట్రల్ రెండును ఒకే ఇనుప వలయము గుండ పోవును. పోయిన ప్రవాహము, వచ్చిన ప్రవాహము సమానమైనచో వలయములో అయస్కాంత ప్రభావము సున్న. 30 మిల్లీ ఆంపియర్లు వేరొక దారిన పోయినచో ఆ తేడాను గుర్తించి సెకనులో మూడు పదవ వంతులు దాటకుండ మీటను పడవేయును. కిర్కాఫ్ నియమమునకు ఇంతకంటె ఉపకారకమైన ఉదాహరణము తరగతిలో చూపుట కష్టము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ మనుష్యులు పట్టుకొన్న తీగను ఎంత ప్రవాహము వరకు స్వశక్తితో విడువగలరో ప్రయోగముల ద్వారా కొలిచెను. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు పదిన్నర. ఆ పరిశోధనల ఫలితముగా ఆయన 1961లో అమెరికా పద్ధతి లీకేజీ రక్షకమును నిర్మించెను. అది సుమారు 5 మిల్లీ ఆంపియర్లకే పడును. ఈ అంకెల పక్కన మామూలు బ్రేకరు 20 ఆంపియర్లను పెట్టి చూడుడు. “కొత్త బ్రేకరు వేసితిని, ఇక షాకు భయము లేదు” అనువాడు ఆరువందల రెట్లకు మించిన పొరపాటు చేయుచున్నాడు. బ్రేకరు తీగను కాపాడును. మనిషిని కాపాడుట దాని పని కాదు.

పెరటి కడ్డీ లెక్కను ఇప్పుడు మరల చూచినచో సంగతి మారిపోవును. 4.2 ఆంపియర్లు 20 ఆంపియర్ల బ్రేకరునకు చాలవు; 30 మిల్లీ ఆంపియర్ల రక్షకమునకు నూరు రెట్లకు మించి చాలును. కాబట్టి న్యూట్రల్‌ను నమ్మలేని పల్లెలో కడ్డీ, లీకేజీ బ్రేకరు రెండును కలిసిననే రక్షణ. ఒకటి ఉన్నచో రెండవది అక్కరలేదను సలహా తరచుగా వినబడును. “గీజరులోనే రక్షకము బిగించి అమ్ముచున్నారు, ఎర్తు తీగ ఎందుకు?” అని అందురు. ఎర్తు లేనిచో కవచమునకు ఫేజు తగిలినను ప్రవాహము పోవు దారి లేదు, రక్షకము ఊరకుండును. స్నానము చేయువాడు ముట్టుకొన్నప్పుడు అతని దేహము గుండ ప్రవాహము పోయి, అప్పుడు మీట పడును. తడిసిన దేహము నిరోధము వేయి ఓములనుకొన్నచో ఆ క్షణములో పోవునది 230 మిల్లీ ఆంపియర్లు. యంత్రములోని దోషమును కనిపెట్టు పని స్నానము చేయువానిపై పెట్టుట ఇది. ఎర్తు ఉన్నచో దోషము పుట్టిన క్షణముననే, ఇంటిలో ఎవరును లేకపోయినను, మీట పడియుండును. రక్షకమునకు ఉన్న పరీక్షా బొత్తామును నెలకొకసారి నొక్కుమని కొందరు చెప్పుదురు. ఇది చక్కని సలహా. థాయిలాండులో అమ్ము కొన్ని పెట్టెలకు లీకేజీ రక్షణను తప్పించు ‘డైరెక్టు’ స్థానము కూడ ఉండును. మాటిమాటికి మీట పడుచున్నదని దానిని అటు త్రిప్పుట నొప్పి పోవుటకు నాడి చూడుట మానినట్లున్నది. వేరొక మాట: ఒకే మనిషి ఒక చేత ఫేజును, ఒక చేత న్యూట్రల్‌ను పట్టుకొన్నచో ఈ రక్షకము అతనిని దీపమనియే భావించును.

వ్రేలు జివ్వుమనుట గురించి చెప్పు సలహాలు తమాషాగా ఉండును. “ప్లగ్గు తిరగవేసి పెట్టుము, పోవును” అందురు. కంప్యూటరు మొదలగు వాటిలో మాలిన్యపు తరంగములను వడకట్టుటకు ఫేజు నుండి కవచమునకు ఒకటి, న్యూట్రల్ నుండి కవచమునకు ఒకటి సమానమైన కెపాసిటర్లు ఉండును. కవచమునకు ఎర్తు లేనిచో అది ఆ రెండింటి నడిమి బిందువై 115 వోల్టుల వద్ద తేలుచుండును. మల్టీమీటరుతో చూచిన ఇంటివాడు బెదరిపోవును. కాని ఒక్కొక్కటి 2.2 నానోఫారడ్ అయినచో భూమిలోనికి పోగల ప్రవాహము ఒక మిల్లీ ఆంపియరులో ఆరవ వంతు మాత్రమే. రెండును సమానమే గనుక ప్లగ్గు తిరగవేసినను మార్పు ఉండదు. మార్పు వచ్చినచో అది ఆనందింపవలసిన విషయము కాదు. దోషము ఒక ప్రక్కనే ఉన్నదని దాని అర్థము. అట్టి వస్తువును విప్పి చూడవలెను, తిరగవేసి మరచిపోరాదు.

టెస్టరు విషయములోను ఇట్టి తొందరపాటే. దీపము వెలిగిన రంధ్రము ఫేజు, వెలుగనిది న్యూట్రల్ అని అన్ని దేశములవారును చెప్పుదురు. ఇదే సలహాను ఫిలిప్పీన్స్‌కు తీసికొనిపోయినచో కొన్నిచోట్ల రెండు రంధ్రములలోను దీపము వెలుగును. అమెరికా పాలనలో పెరిగిన ఆ దేశపు పద్ధతిలో 230 వోల్టులను కొన్ని ప్రాంతములలో భూమికి ఇరువైపుల 115 చొప్పున ఉన్న రెండు తీగల నడుమ ఇచ్చుదురు. అచ్చట న్యూట్రల్ అనునది ఇంటిలోనికి రాదు. ఒక తీగను మాత్రము త్రెంచు స్విచ్చి వేసి “ఆపితిని” అనుకొనుట అచ్చట ప్రమాదము. రెండు తీగలను ఒకేసారి త్రెంచు బ్రేకరు వలెను. సాకెట్టు రూపము మాత్రము అమెరికాదే. దానిని చూచి లోపలిది 120 వోల్టులనుకొన్న అమెరికా దేశస్థుడు మొదటి దినముననే కాఫీ యంత్రమును పోగొట్టుకొనును.

ఉష్ణమండలమున నివసించుట ఈ సలహాలన్నింటికి శీర్షికయే గాని, ఉష్ణము చేయు పనిని గురించి చెప్పువారు కొద్దిమంది. తొండలు, బల్లులు, చీమలు స్విచ్చిపెట్టెలలో చేరుటను గురించి మాత్రము అందరును చెప్పుదురు. అది నిజమే, ఏ.సి. బయటి పెట్టెలోని బోర్డుపై బల్లి పడి మాడిపోవుట తరచుగా జరుగును. తీగ సంగతి మరచిపోవుదురు. పి.వి.సి. తొడుగు గల తీగ 70 డిగ్రీల వరకు ఓర్చుకొనును. పట్టికలలో తీగకు ఇచ్చు ఆంపియర్లు చుట్టు గాలి 30 డిగ్రీలు ఉన్నప్పటివి. ఐరోపావారి పట్టికలు అట్టివే. అనగా తీగ 40 డిగ్రీలు వేడెక్కుటకు వీలున్నది. రేకుల కప్పు క్రింద, సీలింగు పైన గాలి మధ్యాహ్నము 55 డిగ్రీలైనచో మిగిలినది 15 డిగ్రీలు. ఉష్ణము ప్రవాహపు వర్గమును బట్టి పుట్టును గనుక 15ను 40తో భాగించి వర్గమూలము తీసినచో 0.61. గోడపై గొట్టములో వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 30 డిగ్రీల వద్ద 24 ఆంపియర్లు మోయును. 55 వద్ద పదునాలుగున్నరయే. 4,500 వాట్ల గీజరు తీసికొనునది సుమారు ఇరువది. మధ్యాహ్నపు ఎండలో వేడినీటి స్నానము చేయువారు అరుదనియు, స్నానము పది నిముషములదే యనియు సమాధానము చెప్పవచ్చును. నేడు విద్యుత్ కారు ఛార్జరు 32 ఆంపియర్లు గంటల తరబడి లాగుచున్నది. దానికి ఆ సమాధానము చెల్లదు. “మా ఊరిలో ఈ తీగయే వాడితిమి” అని చెప్పు డెన్మార్కు దేశస్థుని ఊరిలో సీలింగు పైన చలి.

సలహాలు ఇచ్చిపుచ్చుకొను ప్రవాసులలో తెలుగువారును కలరు. సింగపూరులోను, మలేషియాలోను నివసించువారు మన మిక్సీని వెంట తీసికొనిపోవుదురు. అచ్చటి బ్రిటిషు సాకెట్టులో ఎర్తు రంధ్రములో పుల్ల దూరిననే మిగిలిన రెండు రంధ్రముల తలుపులు తెరచుకొనును. టూ పిన్ ప్లగ్గు పట్టుటకు ఆ ఎర్తు రంధ్రములో పెన్నుతో పొడిచి తలుపులు తెరచుట అందరు ఎరిగిన చిట్కా. పసిపిల్లల వ్రేళ్ల కొరకు పెట్టిన తలుపును తెరచుటయే గాక, ఆ ప్లగ్గులో ఉండవలసిన ఫ్యూజును కూడ ఈ చిట్కా తప్పించుచున్నది. ఆ సాకెట్ల వెనుక బ్రేకరు 32 ఆంపియర్లది కావచ్చును; మిక్సీ సన్నని తీగ దాని కంటె ఎంతయో ముందు కాలును. నలుబది రూపాయల సామాను కొనుటకు బదులు చేయు సాహసమిది. ఇక సింగపూరులో గోడలోని తీగల పని లైసెన్సు పొందినవారే చేయవలెను గనుక అచ్చటి ప్రవాసికి ప్లగ్గు దాటి పోవు సలహా ఏదియు చెప్పరాదు.

పెరటి కడ్డీని గురించి ఒక సంగతి మిగిలినది. ఎర్తు నిరోధమును మల్టీమీటరుతో కొలువుమని చెప్పు సలహా తప్పు. దానికి వేరు పరికరము, నేలలో దూరముగా గ్రుచ్చు మరి రెండు కడ్డీలు వలెను. సరియైన పరికరముతో కొలిచినవారును సాధారణముగా ఇల్లు కట్టిన నెలలో ఒకసారి కొలిచి ఊరకుందురు. మట్టి ఎండిన కొలది నిరోధము పెరుగును. మన సబ్‌స్టేషన్లలో ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీరు పోయుట అందుకే. థాయిలాండులో వర్షములు లేని నెలలు గడచి నేల బాగుగా ఎండునది ఏప్రిల్‌లో. వారు ఒకరిపై ఒకరు నీళ్లు చల్లుకొను సోంగ్‌క్రాన్ పండుగ కూడ ఆ నెల నడుమనే వచ్చును. సెప్టెంబరు వానలలో 50 ఓములు చూపిన కడ్డీని ఆ వారములో మరల కొలువవలెను.